హిరాసే నౌక చరిత్ర, సవరణలతో

యమనోబె, యమగతా జిల్లా
1958 ఏప్రిల్ 12

ఇసోబె తోకుజి గారికి,

వాతావరణం గురించి నాలుగు ముక్కలు రాశాకే అసలు సంగతిలోకి రావాలని తెలుసు. ఆ నాలుగు ముక్కలూ రాశాననే అనుకోండి.

మీరు పంపిన ‘క్రూయిజర్ హిరాసే యుద్ధకాల చరిత్ర’ చిత్తుప్రతి అందింది. “తప్పులుంటే మృతుల కుటుంబాలవారు తెలియజేయగలరు” అని చివర రాశారు. మర్యాద కోసం రాశారో, నిజంగానే అడిగారో తెలియదు. నేను నిజమనే అనుకున్నాను.

నేను తోకైరిన్ మినోరుకి అక్కని. మినోరు మీ ఓడ వంటశాలలో పనిచేసేవాడు. 1944 నవంబరు 14న ఓడతోపాటే పోయాడని మాకు కాగితం వచ్చింది. మా ఆయన ఇల్లరికం వచ్చాడు కనుక నా ఇంటిపేరు మారలేదు. ఇంట్లో రెండు అల్లిక యంత్రాలు పెట్టుకుని స్వెటర్లు అల్లుతాం. నాకు పెద్ద చదువు లేదు, కానీ తమ్ముడు రాసిన ఉత్తరాలు ముప్పైఒకటి ఉన్నాయి.

ఎక్కడున్నదీ రాయనివ్వరు కదా, అందుకని వాడు ఏం తిన్నాడో రాసేవాడు. ఇన్నేళ్ళూ వాటిని తిండి ఉత్తరాలనే అనుకున్నాం. మీ పుస్తకం పక్కన పెట్టుకుని చదువుతుంటే ఒక్కొక్కటీ ఏ సముద్రం మీద రాసిందో తెలుస్తోంది. “ఇక్కడి అరటిపళ్ళు వేలెడంతే ఉన్నాయి గానీ తీపి” అన్నది 1941 డిసెంబరు. మీ పుస్తకంలో అప్పుడు ఓడ ఫిలిప్పీన్స్‌లో సైనికుల్ని దించుతోంది. బడి నుంచి పటాల పుస్తకం తెచ్చుకుని నాలుగు రోజులుగా అల్లిక మానేసి ఇదే పని. మా ఆయన వంట చేసుకుంటున్నాడు.

ఇక తప్పు సంగతి. 14వ పుటలో, 1942 జూన్ నెలంతా ఓడ యొకొసుక రేవులో మరమ్మతులో ఉందన్నారు. జూన్ 11న మావాడు, “చేతి తొడుగులు పంపక్కా, బియ్యం కడుగుతుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి” అని రాశాడు. జూన్‌లో యొకొసుకలో వేళ్ళు కొంకర్లు పోతాయా?

తోకైరిన్ కిను


కురె, హిరోషిమా జిల్లా
ఏప్రిల్ 24

కిను గారికి,

ఇక్కడ చెర్రీపూలు రాలిపోయి కొండలన్నీ లేతాకుపచ్చగా ఉన్నాయి. తమరు కుశలమని తలుస్తాను.

తమ ప్రశ్నకు జవాబు. నేను హిరాసేలో నాలుగేళ్ళు ఓడ గుమాస్తాగా ఉన్నాను. పేర్ల పట్టీ, సెలవుల పట్టీ, జబ్బుపడినవారి పట్టీ అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. ఆ పుస్తకాలన్నీ ఓడతో మునిగాయి. నేను ఆరు గంటలు నీళ్ళలో ఉండి బయటపడ్డాను. చరిత్ర అంతా జ్ఞాపకం నుంచి, మిగిలిన అరవైమందిని అడిగి రాసిందే. అయినా తేదీల విషయంలో నా మీద నాకు నమ్మకం ఉంది. ఇప్పుడు కురెలో పేర్ల ముద్రలు చెక్కే దుకాణం నడుపుతున్నాను. ఒక్క గీత తప్పినా ముద్ర పనికిరాదు. వంటవాళ్ళ ఉత్తరాలని బట్టి నౌకాచరిత్ర రాయడం ఎక్కడా విన్నది కాదు.

ఇసోబె తోకుజి

తా.క. కవరు అంటించాక మళ్ళీ విప్పాను. జూన్‌లో ఉత్తరానికి వెళ్ళాం, అల్యూషన్ దీవుల వైపు. పొగమంచులో పక్క ఓడ కనపడక డబ్బాలు వాయించుకుంటూ నడిపాం. మరమ్మతు ఆగస్టులో. ఎలా మరిచిపోయానో తెలియడం లేదు. తొడుగులు ఆయనకి చేరాయా?


యమనోబె
మే 9

ఇసోబె గారికి,

తొడుగులు చేరాయి. ఆగస్టులో చేరాయి. “ఎండకి చెమటలు కారుతున్నాయి, నీ తొడుగులు పెట్టుకుని వేడి మూకుళ్ళు దించుతున్నాను” అని రాశాడు. అంటే మీ మరమ్మతు ఆగస్టే. ఇక మీ తేదీల మీద నాకు కూడా నమ్మకం కుదిరింది.

ఇంకో సంగతి. మీ పుస్తకంలో హిరాసే 1921లో కట్టారనీ, మూడు పొగగొట్టాలనీ, ఎన్ని ఫిరంగులో, ఎన్ని టార్పెడోలో అంతా ఉంది. వంటశాల ఏ వైపుందో లేదు. నాలుగువందల యాభైమందికి మూడుపూటలా అన్నం ఎక్కడి నుంచి వచ్చిందని చదివేవాళ్ళు అనుకోవాలి? మావాడు మూడేళ్ళు నిలబడిన చోటు అది. గాలి వచ్చేదా, కిటికీ ఉండేదా? అల ఊపినప్పుడు గంజి మీదపడదా?

కిను


కురె
మే 28

కిను గారికి,

వానాకాలం త్వరపడేట్టుంది. దుకాణంలో కర్రముద్రలు చెమ్మెక్కుతున్నాయి.

వంటశాల డెక్ మీద, నడుమ పొగగొట్టం పక్కన, ఎడమవైపు. కిటికీలు రెండు. ఆవిరి మూకుళ్ళు ఐదు. అల ఎక్కువైతే మూకుళ్ళు సగమే నింపేవాళ్ళు. ఇదంతా ఎనిమిదో పుటలో చేర్చాను. చేర్చాక ఆ పుట బాగుందనిపించింది, ఎందుకో తెలియదు.

మినోరు గారి గురించి ఒకటి చెప్పాలి. 1943లో రబౌల్ రేవు నుంచి దీవుల మీద ఆకలితో ఉన్న సైన్యానికి బియ్యం తీసుకెళ్ళేవాళ్ళం. డ్రముల్లో తేలేట్టు సగం దాకా బియ్యం పోసి, తాళ్ళతో కట్టి, ఒడ్డు దగ్గర సముద్రంలో తోసేసి పారిపోయి రావడం. విమానాల కంట పడకూడదని మా తొందర. అలాంటిది మీ తమ్ముడు ప్రతి డ్రములోనూ ఉప్పులో ఊరిన పుల్లటి ఉమె కాయల పొట్లం దూర్చేవాడు. లెక్కలో లేని వస్తువు వెళ్ళకూడదని నేను ఆపబోయాను. ఆయన, “ఒట్టి అన్నం ఎట్టా దిగుద్ది సార్, మీరు తిని చూపించండి” అన్నాడు. నేను పట్టీలో రాయలేదు.

1944 అక్టోబరు, నవంబరు నెలలు నా పుస్తకంలో పలచగా ఉన్నాయి. అప్పటి ఉత్తరాలుంటే నకలు పంపగలరా?

ఇసోబె


యమనోబె
జూన్ 20

ఇసోబె గారికి,

ఉమె కాయల సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. ఆ ఏడు మా ఇంట్లోంచి మూడు జాడీలు తెప్పించుకున్నాడు. ఎవరు తింటున్నారో ఇప్పుడు తెలిసింది.

మీరడిగిన నెలలవి రెండే ఉన్నాయి. అక్టోబరు 20, “ఒళ్ళు నొప్పులు, ఇక్కడ అందరికీ జ్వరాలే.” అది 30వది. చివరిదాన్ని గురించి ఎవర్నీ అడగలేక ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. అది కార్డు. ఊరి పేరు లేదు. తేదీ డిసెంబరు 3. “జ్వరం తగ్గింది. కాళ్ళలో బలం లేదు. ఇక్కడి గంజి నీళ్ళలా ఉంది, లేచి నిలబడగలిగితే నేనే వండుతా” అని ఉంది. చేతిరాత వాడిదే.

ఓడ మునిగింది నవంబరు 14 కదా. యుద్ధం అయ్యాక చావు కాగితం వచ్చినప్పుడు ఈ కార్డు చూపిస్తే మా ఊరి కార్యాలయంలోవాళ్ళు, “పిల్లాడు నెల తప్పు వేసుంటాడమ్మా” అన్నారు. మా నాన్న సర్కారు కాగితాన్నే నమ్మాడు. అప్పటినుంచి నవంబరు 14నే వాడి రోజు. పదమూడో ఏటి పూజ కూడా చేయించాం.

కానీ మీరే చెప్పండి. ముప్పై ఉత్తరాల్లో ఒక్కసారి కూడా తేదీ తప్పనివాడు చివరిదాంట్లో తప్పుతాడా? నవంబరు 14న నా తమ్ముడు ఆ ఓడ మీద ఉన్నాడా, లేడా? నాకు తెలియాల్సింది ఇదొక్కటే.

కిను


కురె
జులై 6

కిను గారికి,

కార్డు నకలు అందింది. అప్పట్లో తపాలాలో ఎన్నో పొరపాట్లు జరిగేవి. నెల తప్పు పడి ఉండవచ్చు.

ఒకటి అడగదలచుకున్నాను. మీ తమ్ముడిని ఓడలో ఎవరైనా వేరే పేరుతో పిలిచేవారని ఎప్పుడైనా రాశాడా? పిలిస్తే పలికేవాడా?

ఇసోబె


యమనోబె
ఆగస్టు 17

ఇసోబె గారికి,

మీరు వాతావరణం రాయలేదు. ఏదో దాస్తున్నారు.

అడిగారు కనుక చెబుతున్నాను. 19వ ఉత్తరంలో ఉంది. “నన్ను ఇక్కడ సగంమంది షోజి అంటారక్కా. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. పెద్దవాళ్ళు పట్టీ చూసి పిలుస్తున్నప్పుడు అస్తమానం సర్దిచెప్పడం బాగోదు. ఇప్పుడు ఏదంటే దానికి పలుకుతున్నా. మొన్న అసలు షోజి వాటా మిఠాయి నాకే వచ్చింది. తీసుకెళ్ళి ఇస్తే సగం విరిచి చేతిలో పెట్టాడు. బాయిలర్ గదిలో ఉంటాడు, మొహమంతా మసి, మంచివాడు.”

పోయినవాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళే పండుగ మొన్ననే అయింది. పెద్దలకి దీపాలు పెట్టి పంపేశాం. వాడికీ పెట్టాను. పెడుతూ, ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలియదనుకున్నాను. మీకు తెలిసింది రాయండి. నేనేం కుర్రదాన్ని కాను.

కిను


కురె
సెప్టెంబరు 15

కిను గారికి,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను.

హిరాసేలో మీ తమ్ముడి పేరుతోనే ఇంకొకడున్నాడు. మీ యమగతాలో తోకైరిన్ అని చదివే మూడక్షరాలనే, కొండకి అవతల అకితాలో షోజి అని చదువుతారు. మీరు మినోరు అని పిలుచుకునే ఒక్క అక్షరాన్ని వాళ్ళు మకోతో అంటారు. తోకైరిన్ మినోరు, వంటశాల. షోజి మకోతో, బాయిలర్ గది. పిలిస్తే ఇద్దరు. కాగితం మీద గీతకి గీత ఒక్కటే పేరు. గుర్తు కోసం మీ తమ్ముడి పేరు మీద ఎర్ర చుక్క పెట్టుకునేవాణ్ణి.

నవంబరు 8న మనీలా రేవులో జ్వరంతో ఉన్నవాళ్ళని పడవలో దించి ఆసుపత్రికి పంపాం. వైద్యుడిచ్చిన చీటీలో ఆ పేరుంది. వైద్యుడి చీటీలో ఎర్ర చుక్క ఎందుకుంటుంది? నేను “షోజి” అని పిలిచాను. దుప్పటి ముసుగులోంచి “హాజరు” అని పలికారు. నేను పట్టీలో ‘షోజి మకోతో, ఒడ్డుకి’ అని రాసుకున్నాను. ముసుగు తీసి చూడలేదు. ఏ పేరంటే ఆ పేరుకి పలికే మనిషి ఉంటాడని నాకు తట్టలేదు.

ఆరు రోజులకి, మంగళవారం పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి, లూజాన్ దీవి పడమటి సముద్రంలో జలాంతర్గామి కొట్టింది. వంటశాల నుంచి ఒక్కరూ రాలేదు. బాయిలర్ గది నుంచి ఒక్కరూ రాలేదు. కాదని చెప్పేవాళ్ళు మిగల్లేదు. కురె తిరిగొచ్చాక జ్ఞాపకం మీద మృతుల పట్టీ రాసిచ్చింది నేనే. మీకు వచ్చిన కాగితం నా చేతి నుంచి పుట్టింది.

మీ తమ్ముడు ఆ రోజు ఓడ మీద లేడు. మకోతో ఉన్నాడు.

అకితాలో యుజావా ఊళ్ళో షోజి తత్సు అని ఆయన భార్య ఉంది. ఆమెకి వెళ్ళిన కాగితంలో “ఒడ్డున దిగినాడు, ఆచూకీ తెలియదు” అని ఉంది. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది. బతికి బయటపడ్డ మా నావికుల సంఘానికి ఏటా రాస్తుంది, మనీలా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినవాళ్ళెవరైనా తెలుసా అని. ఏటా తెలియదని జవాబిచ్చేదీ నేనే.

మీ కార్డు చూసిన రోజే నాకు అర్థమైంది. తపాలా మీద తోశాను. నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట రాయడానికి రెండు నెలలు పట్టింది.

ఇసోబె తోకుజి


యమనోబె
అక్టోబరు 3

ఇసోబె గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు నేను పిచ్చిదాన్నయ్యాను. ఆ రోజు లేడంటే బతికే ఉన్నాడేమోనన్న ఆశ. మా ఆయన మెల్లిగా, “బతికుంటే ఇంటికొచ్చేవాడు కాదుటే” అన్నాడు. మూడో రోజు మీ మీద కోపం వచ్చింది. ముసుగు తీసి చూడడానికి ఎంతసేపు పడుతుందండీ? ఒక్క క్షణం. ఆ క్షణం మిగుల్చుకుని మీరేం చేశారు?

తరవాత 19వ ఉత్తరం మళ్ళీ చదివాను. మావాడి తప్పూ ఉంది. పెద్దవాళ్ళని నొప్పించకూడదని పరాయి పేరుకి పలికాడు. ఇంట్లో నేర్పిందే. నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండు పనులు చెబుతాను. అరవైమందిని వెతికి పట్టుకున్న మీరు, ఆ ఆసుపత్రి ఏమైందో, చివరికి అక్కడెవరున్నారో కనుక్కోండి. ఇది మీ పని.

తత్సు గారికి నేను చెబుతాను. తప్పు మీదే, కానీ తేదీ నా దగ్గర ఉండిపోయింది. ఆవిడది నేను పద్నాలుగేళ్ళుగా వాడుకుంటున్నాను. తీసుకెళ్ళి ఇవ్వాల్సింది నేనే.

కిను


కురె
అక్టోబరు 30

కిను గారికి,

కొండల మీద ఆకులు ఎర్రబడుతున్నాయి. రాయడానికి అర్హత ఉందో లేదో తెలియక రాస్తున్నాను.

ఒకయమాలో ఒకాయన దొరికాడు. మనీలా ఆసుపత్రిలో సేవకుడిగా ఉండేవాడు. వెళ్ళి కలిశాను. పేర్లేవీ గుర్తులేవన్నాడు. వంటవాడెవరైనా ఉన్నాడా అని అడిగాను. నవ్వాడు. “ఉన్నాడండీ. గంజి బాగోలేదని రోజూ గొణిగేవాడు. కాస్త లేచి తిరగ్గానే మా వంటింట్లో జొరబడ్డాడు. ఇక మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కలుపుమొక్కలు తెచ్చి పులుసు పెట్టేవాడు, అందరం గిన్నెలు నాకాం” అన్నాడు. జనవరిలో ఆసుపత్రిని తూర్పు కొండల్లోకి తరలించారు. ఆ వంటవాడు మూకుడు నెత్తిన పెట్టుకుని నడిచాడు. కొండల్లోంచి రాలేదు. ఏ నెలో, ఏ రోజో ఆయనకి తెలియదు. తెలిసినవాళ్ళు లేరు.

తత్సు గారికి క్షమాపణ రాసి దీంతో పెట్టాను. నేనే వెళ్ళాల్సింది. ధైర్యం లేదని ఒప్పుకుంటున్నాను.

ఇసోబె


యుజావా, అకితా జిల్లా, షోజి వారి ఇంటి నుంచి
నవంబరు 15

ఇసోబె గారికి,

నిన్న వచ్చాను. పద్నాలుగో తేదీనే రావాలనుకున్నాను. షింజో దాటాక దారంతా మంచు.

తత్సు గారు సన్నగా, గట్టిగా ఉంది. సారాయి బట్టీలో బియ్యం కడిగే పని. నేను పేరు చెప్పి, కాగితం మీద రాసి చూపిస్తే, “మా ఇంటిపేరే. చుట్టాలా?” అంది. లోపలికి తీసుకెళ్ళింది. భోజనం బల్ల మీద ఇంకో మనిషికి వడ్డించి ఉంది. అన్నం, పులుసు, ఉప్పుచేప ముక్క. దూరదేశం వెళ్ళినవాళ్ళకి ఆకలి వెయ్యకూడదని మేమూ పెట్టాం, యుద్ధం అయ్యేదాకా. ఆవిడ ఇప్పటికీ పెడుతోంది. గిన్నె మీద ఇంకా ఆవిరి వస్తోంది.

చెప్పాను. మొదటినుంచీ చెప్పాను, మిఠాయి పంచుకోవడంతో సహా. కదలకుండా విన్నది.

“పొద్దున్నా, సాయంత్రమా?” అంది.

“పొద్దున్న తొమ్మిదీ ఇరవై.”

“అయితే అప్పటికి ఆయన గిన్నె కడిగేసి పనిలోకి వెళ్ళుంటాను” అంది. “నీళ్ళలో ఎక్కువసేపు ఉన్నాడా?”

బాయిలర్ గది మొదట పోయిందని చెప్పాను. మీ పుస్తకంలో 41వ పుట.

లేచింది. బల్ల మీంచి అన్నం గిన్నె రెండుచేతులా ఎత్తి, గోడ దగ్గర పోయిన అత్తామామల పూజాపీఠం ముందు పెట్టింది. అంతే. నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు. మీ క్షమాపణ చదివి, “చేతిరాత బాగుంది” అంది. కోపమో, కాదో తెలియలేదు. కాసేపయ్యాక, “ఏటా జవాబు రాసేవాడు పాపం. రాయనివాళ్ళు ఎంతమందో” అంది.

నేను ఇక సెలవు తీసుకుంటుంటే, “మరి మీ వాడికి ఏ రోజు పెడతారు?” అని అడిగింది.

“తెలీదండీ. రోజు మీకిచ్చేశాను కదా.”

“నేనొక్కదాన్నీ ఏం చేసుకుంటాను? మీకు అలవాటైన రోజు. మీవాడికీ ఈ రోజే పెట్టుకోండి. మా ఆయన పక్కకి జరుగుతాడు” అంది.

మంచుకి రైలు లేదని నన్ను ఆపేసింది. ఇవాళ వంట నేను చేశాను.

కిను


కురె
డిసెంబరు 12

కిను గారికి,

చలి ముదిరింది. ముద్రలు చెక్కుతుంటే వేళ్ళు తిరగడం లేదు.

పుస్తకం ప్రూఫులు వచ్చాయి. మృతుల పట్టీలో ఈసారి ప్రతి పేరు పక్కనా, ఇంట్లో ఎలా పిలిచేవారో చిన్న అక్షరాల్లో వేయిస్తున్నాను. ఇళ్ళన్నిటికీ కార్డులు రాశాను. రోజూ జవాబులొస్తున్నాయి. ఇరవైమూడుమందిని నాలుగేళ్ళపాటు తప్పు పేరుతో పిలిచానని తేలింది. అందరూ పలికారు.

యుజావా వెళ్ళొచ్చాను. తత్సు గారు లోపలికి రమ్మంది. అంతకన్నా రాయలేను.

నిన్న అచ్చుశాలాయన దుకాణానికి వచ్చాడు. ప్రూఫు నా ముందు పరిచి, ఒకచోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాడు.

“ఇసోబె గారూ, ఇక్కడ ఒకే పేరు వరసగా రెండుసార్లు పడింది. పక్కన పలుకు మాత్రం వేరేగా ఉంది. ఒకదానికి తేదీ ఉంది, ఒకదానికి లేదు. ఒకటి తీసేస్తాను, ఏది సరైందో చెప్పండి” అన్నాడు.

“రెండూ” అన్నాను.

ఇసోబె తోకుజి